జొన్నచేనుదాకా వినిపించిన పిలుపు

డాక్టర్ ప్రేమజ్యోతి ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట రేడియో మోగుతూనే ఉండేది. పేషంట్లు లేకపోయినా మోగేది. కరెంటు పోతే బ్యాటరీల మీద మోగేది. మేడంకి పాటలంటే ప్రాణమని నర్సు ప్రవళిక అనుకునేది. నిజానికి ఏ పాట వస్తోందో ప్రేమజ్యోతి ఏనాడూ పట్టించుకోలేదు. ఆ వేళప్పుడు చుట్టూ చప్పుడు లేకపోతే ఆమెకు వాళ్లమ్మ గొంతు వినిపిస్తుంది. "జ్యోతీ... ఓ జ్యోతీ..." అని, రెండోసారి కాస్త సాగదీసి. వాళ్లమ్మ మేరీ పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

వాళ్లది చేవెళ్ల దగ్గర ఆలూరు. తండ్రి స్వామిదాసు మిషను బడిలో పంతులు. ఆదివారం చర్చిలో ప్రార్థన నడిపించేదీ ఆయనే. ఊరందరికీ 'సారు'. మేరీ ఇంటి వెనకున్న రెండెకరాల చేను చూసుకునేది. ఎనభై నాలుగులో, ప్రేమజ్యోతికి పదమూడేళ్లప్పుడు, మేరీకి గర్భసంచిలో క్యాన్సరని తేలింది. పట్నంలో చూపించేసరికే నడుము ఎముకలదాకా పాకిపోయింది. చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

వెనక గదిలో మంచం వేశారు. మొదట మూలుగు. వానలు వెనకబట్టేసరికి ఆ మూలుగు కేకయింది. చర్చి ఆడవాళ్లు రోజూ మధ్యాహ్నం వచ్చి మంచం చుట్టూ కూర్చుని పాటలు పాడేవారు. భక్తితోనే మొదలుపెట్టారు పాపం. రానురాను లోపలి కేక వీధిలోకి వినబడకూడదని గొంతు పెంచి పాడటం అలవాటు చేసుకున్నారు. మేరీ ఇంకా గట్టిగా అరిస్తే వాళ్లు ఇంకా గట్టిగా పాడేవారు. పదమూడేళ్ల పిల్ల గడప పట్టుకుని నిలబడి ఆ రెండూ వినేది.

ఒకరోజు ఇక నిలబడలేక పరుగెత్తింది. వెనక జొన్నచేను మనిషెత్తు పెరిగి ఉంది. చాళ్ల మధ్య కూలబడి రెండు చెవుల్లో వేళ్లు దూర్చుకుంది. ఆగిందేమోనని వేళ్లు తీసినప్పుడల్లా "జ్యోతీ... ఓ జ్యోతీ..." అని పిలుపు. వెళ్లలేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. మర్నాడూ అంతే. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. పంతొమ్మిదో రోజు వేళ్లు తీస్తే పిలుపు లేదు, పాటలూ లేవు. ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో జనం.

పిల్ల బెదిరిపోయిందని అందరూ జాలిపడ్డారే తప్ప ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు. తండ్రి కూడా అడగలేదు. ఆ తరవాత ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు అన్నం గురించి, చదువు గురించి, చర్చి గురించి మాట్లాడుకున్నారు. ఆ పద్దెనిమిది రోజుల గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మెడిసిన్ చదివేటప్పుడు ఆమె మొదటిసారి ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టింది. ఒకావిడ కడుపు కోస్తున్నారు. తోటి విద్యార్థులంతా మెడలు సాచి ఆ కోత చూస్తుంటే, ప్రేమజ్యోతి మాత్రం ఆవిడ ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. నుదుటి మీద ఒక్క ముడత లేదు. ఆ సంగతి గమనించిన ప్రొఫెసరు కసిరాడు కూడా. ఆమె మత్తు డాక్టరు కావాలని నిర్ణయించుకున్నది ఆ రోజే.

అయింది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మత్తు డాక్టరు పని పేషంటు కళ్లు తెరవడంతో అయిపోతుంది. వార్డుకు వెళ్లాక వాళ్లు మూలిగే మూలుగు ఇంకెవరి లెక్కలోదో. డ్యూటీ దిగాక ఆమె కాళ్లు వార్డు వైపే లాగేవి. చివరికి ఆ ఉద్యోగం వదిలేసి, వేరే రాష్ట్రం వెళ్లి, నొప్పి తగ్గించే వైద్యం మాత్రమే రెండేళ్లు నేర్చుకుని వచ్చింది. రెండు వేల నాలుగులో మొయినాబాద్‌లో, ఎరువుల దుకాణం పక్కన ఒక ఇల్లు కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది. ఇంటి ఓనరు పైఅంతస్తు చవగ్గా ఇస్తానన్నా వినలేదు. మెట్లు ఎక్కలేనివాళ్లే కదా నా దగ్గరికి వచ్చేది అని కింది గదుల్లో ఆసుపత్రి పెట్టి, పైన తను ఉంది.

"నొప్పికి సపరేటు డాక్టరేంది? ఏ డాక్టరైనా నొప్పికే గదా మందిచ్చేది" అని కొత్తలో జనం నవ్వుకున్నారు. తరవాత నొప్పుల డాక్టరమ్మ అని పేరు స్థిరపడింది. శనివారాలు గచ్చిబౌలి వైపు నుంచి కంప్యూటర్ల ముందు మెడలు పట్టేసిన పిల్లలు కార్లలో వచ్చేవారు. మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. వాళ్లలో చాలామంది చేలు అప్పటికే ప్లాట్లయ్యాయి. నిన్నటిదాకా తమవైన భూముల్లో లేచిన ఫామ్‌హౌసుల్లో తోటపనికో కాపలాకో వెళ్లేవాళ్లు.

అంజిలయ్య అలాంటివాడే. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసుకి వాచ్‌మన్. చొక్కాను రెండు వేళ్లతో ఒంటికి దూరంగా పట్టుకుని లోపలికి వచ్చాడు. ఐదు నెలల కింద పక్కటెముకల మీద సర్పి లేచిందట. పొక్కులు మానిపోయాయి, మంట మానలేదు.

"బట్ట తాకితె నిప్పుల మీద పడ్డట్టయితది డాక్టరమ్మా. ఎవ్వలు నమ్ముతలేరు. పని ఎగ్గొట్టనీకె నాటకమాడుతున్నవంటడు మా సేటు. తోలు నున్నగున్నది, ఇంకేడి నొప్పి అంటది మా ఇంటామె."

ప్రేమజ్యోతి తన పద్ధతి ప్రకారం కుర్చీ వదిలి, ఆయన ముందు చిన్న స్టూలు మీద కూర్చుంది. పేషంటు కళ్లకన్నా తన కళ్లు కిందుగా ఉండాలి అనుకునేది ఆమె. వెంట వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు బయటికి పంపేది. నొప్పి పదికి ఎంత అని అడిగేది కాదు. ఈ నొప్పి మిమ్మల్ని ఏ పని చెయ్యనివ్వడం లేదు అని అడిగేది. అంజిలయ్యనూ అదే అడిగింది.

"మనుమరాలును ఎత్తుకుంటలేను" అన్నాడు.

"నొప్పి ఉన్నది. తోలు మీద లేదు, దాని కింద నరంల ఉన్నది. మీరు చెప్పింది నేను నమ్ముతున్న" అంది ఆమె.

ఇంకా మందు రాయనే లేదు. ఆ ఒక్క మాటకే ఆయన తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నరానికి సూది వేసి, మాత్రలిచ్చి రెండు నెలలు తిప్పుకున్నాక, ఒక ఆదివారం మనుమరాలిని భుజం మీద కూర్చోబెట్టుకుని వచ్చి చూపించి వెళ్లాడు.

ఇలాంటివాటికి ఆమె పొంగిపోయేది కాదు. పేషంటు నవ్వుతూ వెళ్లిన రోజున కూడా మధ్యాహ్నం రేడియో ఆపితే పిలుపు వినబడేది.

క్యాన్సరు ముదిరినవాళ్ల కోసం ఆమె ఎన్నో ఆఫీసులు తిరిగి మార్ఫిన్ మాత్రలకు లైసెన్సు తెచ్చుకుంది. దాన్ని చూస్తే ఇంటివాళ్లు భయపడేవారు. మత్తుకు అలవాటు పడతారని, తొందరగా పోతారని. అప్పుడు ఆమె ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెప్పేది: "మా అమ్మ పోయినప్పుడు ఈ మందు లేదు. ఇప్పుడున్నది. ఉండంగ కూడా ఎందుకు అరవనియ్యాలె?" కొందరు పేషంటుకు చెప్పకుండా అన్నంలో కలిపి పెడతామనేవారు. ఆమె వద్దనేది కాదు. నొప్పి తగ్గాలి, అంతే.

ఆసుపత్రి తెరిచిన రోజు ప్రార్థన చెయ్యడానికి స్వామిదాసు ఆలూరు నుంచి వచ్చాడు. వచ్చిన నలుగురి ముందూ ఆమె ఆ మాటే అంది. తండ్రి తల వంచుకున్నాడు. ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, ఆమెన్ కూడా అనకుండా కూర్చుండిపోయాడు. ముసలితనం అనుకున్నారంతా.

మూడేళ్ల తరవాత ఆయనకు ప్రొస్టేటు క్యాన్సరు వచ్చింది. తెలిసేసరికే వెన్నెముకలో దిగింది. ప్రేమజ్యోతి ఆయన్ని మొయినాబాద్ తీసుకొచ్చి, కింద ఆసుపత్రి పక్క గదిలోనే మంచం వేయించింది. మొదటి రోజే మాత్ర చేతిలో పెట్టింది.

"ఏం మందు ఇది?"

"మార్ఫిన్ బాపూ. నొప్పి తగ్గుతది."

ఆయన మాత్రను అలాగే తిరిగి ఆమె అరచేతిలో పెట్టేశాడు. "నాకొద్దు."

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. వేరే ఏ మాత్ర ఇచ్చినా మింగేవాడు, ఇది మాత్రం ముట్టలేదు. కారణం చెప్పలేదు. నొప్పి తిరగబెట్టినప్పుడు తువ్వాల మడిచి పళ్ల మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగేవాడు. ఒక్క చప్పుడు బయటికి రానిచ్చేవాడు కాదు. మంచం పట్టె మాత్రం వణికేది. పక్క గదిలో పేషంటు నాడి చూస్తున్న ప్రేమజ్యోతికి గోడ అవతల ఆ వణుకు తెలిసేది. అరిచినా బాగుండేది అనిపించేది ఆమెకు. మెడనొప్పి వచ్చిన కుర్రాడెవరో తన బాధ చెబుతుంటే మధ్యలో వినడం మానేసి, మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడగాల్సి వచ్చేది.

తొమ్మిదో రోజు ప్రవళికే అంది. "జావల కలిపి ఇద్దాం మేడం. సారుకు ఎర్కైతదా? మన దగ్గరికొచ్చేటోళ్లు ఎంతమంది ఇస్తలేరు?"

ప్రేమజ్యోతి మాత్రలో సగం నూరి, బెల్లం ఎక్కువ వేసిన రాగిజావలో కలిపింది. తనే గ్లాసు పట్టుకెళ్లి తాగించింది. అరగంటలో ఆయన దవడ సడలింది. తువ్వాల జారి కింద పడింది. ఆ తొమ్మిది రోజుల్లో మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఆ ముఖం చూస్తూ ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడింది.

మూడు గంటలకు మళ్లీ వెళ్లేసరికి ఆయన లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"జావ చేదున్నది బిడ్డా" అన్నాడు.

ఆమె వంగి కింద పడిన తువ్వాల తీసింది.

"నువ్వు నాకు చెప్పకుంట ఇచ్చినవు. నేను మీ అమ్మకు చెప్పకుంట ఆపిన."

"ఏంది ఆపినవ్?"

"మందు. ఉండె బిడ్డా, అప్పుడు కూడా మందు ఉండె. మిషను దవాఖాన దొరసాని డాక్టరు ఒక సీస ఇచ్చింది. నాలుగు గంటలకొక చెంచ తాగియ్యమన్నది. రెండు దినాలు ఇచ్చిన. మేరీ పండుకున్నది. లేపితె లేవలేదు, లేచినంక ప్రార్థన చేద్దామంటె నా దిక్కు గుడ్లప్పగించి చూసింది. దీంట్ల ఏమున్నదని కాంపౌండరును అడిగితె నల్లమందు అన్నడు. నాకు గుండెల రాయి పడ్డది. నల్లమందు తిని మోర్ల పడ్డోళ్లను చూసిన్నేను. పంతులు పెండ్లాం నల్లమందు తాగి సచ్చిందంటరా? దేవుని పేరు తల్వకుంట పోతదా? గదే నా తలకాయల తిరిగింది. సీస తీస్కపోయి బర్ల కొట్టంల ఒంపిన."

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"అయిపోయింది మేరీ అని చెప్పిన. నమ్మింది. దినాం అడిగేది. ఇంకో సీస దొర్కదా, జర అడిగి చూడరాదుండ్రి అని. అడిగిన, లేదన్నరు అని దినాం చెప్పిన. పద్దెనిమిది దినాలు."

ప్రేమజ్యోతి గదిలోంచి బయటికి వచ్చేసింది. బెంచీ మీద ముగ్గురు పేషంట్లు కూర్చుని ఉన్నారు. ముగ్గురినీ చూసింది. చీటీలు మాత్రం తను రాయలేదు. ప్రవళిక చేత రాయించింది. ఎన్ని ఇళ్లలో చెప్పింది ఆ మాట, మా అమ్మప్పుడు మందు లేదని! ఆ మాట మీదే ఇంత చదువూ చదివింది, బోర్డు కట్టింది. రెండు రోజులు ఆమె తండ్రి గదిలోకి అడుగుపెట్టలేదు. అన్నం ప్రవళిక పెట్టింది. మందేమో ఆయన అడగలేదు, ఈమె పంపలేదు. ఆ రెండు రోజులూ పక్క గదిలో మంచం వణుకుతూనే ఉంది. తను ఏం చేస్తున్నదో ఆమెకు తెలుసు. తండ్రి అప్పుడు చేసినదే తనూ చేస్తోంది. తెలిసినా కాళ్లు కదలలేదు.

మూడో రోజు కారు తీసి ఆలూరు వెళ్లింది. ఇల్లు తాళం వేసి ఉంది. వెనక జొన్నచేను చుట్టుపక్కల చేలతో కలిసి ఎప్పుడో వెంచరు అయింది. నున్నగా చదును చేసిన ఎర్రమట్టి, హద్దురాళ్లు, గేటు మీద రంగురంగుల బోర్డు. దాక్కోవడానికి గడ్డిపరక లేదు. మిట్టమధ్యాహ్నం ఆ ఖాళీలో నిలబడింది. పిలుపు వచ్చింది. చెవులు మూసుకోవాలని చేతులు లేచాయి. మూసుకోలేదు. అమ్మ ఎన్నిసార్లు పిలిచిందో అన్నిసార్లూ విని, వెనక్కి వచ్చి, నేరుగా తండ్రి మంచం మీద కూర్చుంది.

"ఆ పద్దెనిమిది దినాలు నేను జొన్నచేన్ల దాక్కున్న బాపూ. అమ్మ పిలుస్తుంటె ఇన్న. ఇని రాలే."

"ఎర్కే" అన్నాడు స్వామిదాసు. "నీ కాళ్లకు మట్టి ఉంటుండె."

"నన్నే పిలిచిందా? లేకుంటె నొప్పికి ఒర్రుడేనా?"

ఆయన అబద్ధం చెప్పి ఆమె మనసు తేలికపరచగలిగేవాడు. చెప్పలేదు. "నిన్నే పిలిచింది. దినాం పిలిచింది. నీ తల దువ్వుతనన్నది. పొల్ల జడ చింపిరైంది, ఇస్కూల్ల నవ్వుతరు, ఇటు పిలువుండ్రి, పండుకునే దువ్వుత అన్నది. దువ్వెన మెత్త కింద పెట్టుకున్నది."

ప్రేమజ్యోతి ఇన్నేళ్లూ ఆ పిలుపును కాపాడమన్న కేకగానే వింది. జడ వేస్తానని పిలిచిందంటే ఏం చెయ్యాలో తెలియలేదు. తండ్రి మెల్లగా చెయ్యి జాపి ఆమె తల తాకబోయాడు, మధ్యలో నొప్పి పట్టేసి చెయ్యి మంచం మీదికి పడిపోయింది.

ఆమె లేచి మాత్రల డబ్బా తెచ్చింది.

"మొన్న నీకు చెప్పకుంట ఇచ్చుడు తప్పయింది. ఇప్పుడు అడుగుతున్న. తీసుకుంటవా?"

"ఆమెకు లేకుంట చేసి, నేనెట్ల తినాలె బిడ్డా?"

"అమ్మ ఇంకేమన్నదో నాకు చెప్పేటోళ్లు నువ్వు తప్ప ఎవ్వలు లేరు. నొప్పిల నీకు మాట వస్తలేదు."

చాలాసేపు ఆ మాత్రను వేళ్ల మధ్య తిప్పాడు. సగానికి విరిచి, సగం నోట్లో వేసుకున్నాడు.

ఆ తరవాత ఆరు వారాలు బతికాడు. నాలుగు గంటలకోసారి ఆమె వచ్చి అడిగేది. ఒక్కోసారి తీసుకునేవాడు, ఒక్కోసారి ఇప్పుడొద్దు అనేవాడు. వద్దన్నప్పుడు డబ్బా అక్కడే పెట్టి పక్కన కూర్చునేది. నొప్పి తగ్గిన గంటల్లో మేరీ మాటలు ఒక్కొక్కటే తవ్వి తీసేవాడు. బర్రె ఈనిందా అని అడిగిందట. తన నీలం చీర ఎవరికీ ఇవ్వొద్దందట. ఒకరోజు దేవుణ్ణి తిట్టిందట. ఆ తిట్టు చెప్పడానికి ఆయన మూడు రోజులు తటపటాయించాడు. చెప్పాక ఇద్దరూ అనుకోకుండా నవ్వారు, వెంటనే సిగ్గుపడి ఆపేశారు.

పోయేరోజు ఉదయం మందు వద్దే వద్దన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు. పళ్ల మధ్య తువ్వాల పెట్టుకోబోతే మాత్రం లాగేసింది. "ఒర్రు బాపూ. నేనున్న" అంది. మొదటిసారి గొంతెత్తి అరిచాడు స్వామిదాసు. ఎరువుల దుకాణం ముందు జనం ఆగి చూశారు. ప్రవళిక వాకిట్లో నిలబడి ఏడ్చింది. ప్రేమజ్యోతి మంచం మీద నుంచి లేవలేదు. పదకొండు దాటాక ఆ గొంతు ఆగింది.

తండ్రి చేసినదానికి ఆమె ఆయన్ని క్షమించిందా అంటే, ఆమెకే తెలియదు. కొన్ని రోజులు క్షమించినట్టే ఉండేది. కొన్ని రోజులు బర్రెల కొట్టంలో నేల పీల్చుకున్న ఆ సీసా మందు తలపుకొచ్చి అన్నం సయించేది కాదు. పిలుపు కూడా పోలేదు. ఇప్పుడు ఆ పిలుపులో మునుపటి భయం లేదు, దానికి బదులు ఇంకేదో ఉంది. అది భయంకన్నా తేలికైనదేమీ కాదు. మా అమ్మప్పుడు మందు లేదు అనడం మానేసింది. ఉండె, ఆమెకు అందలేదు అని చెప్పేది. ఎందుకని ఎవరైనా అడిగితే, మేం భయపడ్డం అనేది.

మరుసటి ఏడాది మోకిలలో నాగేందర్ అనే అతను తల్లి సాలమ్మను చూడమని ఇంటికి పిలిచాడు. ముసలామెకు నోట్లో పుండు, దవడ ఎముక తినేసింది. నాగేందర్ గేటు దగ్గరే ఆపాడు.

"మేడం, మందేందో అవ్వకు చెప్పకుండ్రి. భయపడ్తది. మేము సల్లల కలిపి పోస్తం."

"ఆమె ఒళ్లు, ఆమె నొప్పి. నేను చెప్పే ఇస్త. ఇష్టముంటె తీసుకుంటది" అంది ప్రేమజ్యోతి. అతను గొణుగుతుండగానే లోపలికి వెళ్లి, మంచం పక్కన నేల మీద కూర్చుని, మాత్ర చూపించి అంతా చెప్పింది. నల్లమందు నుంచి తీసిందని చెప్పింది. నొప్పి తగ్గుతుందని, మొదటి రెండు రోజులు నిద్ర ముంచుకొస్తుందని చెప్పింది.

సాలమ్మ చెంపకు చెంగు అదుముకుని శ్రద్ధగా వింది. కాసేపు కిటికీలోంచి వాకిలి వైపు చూసింది.

"గట్లయితె రేపటిసంది ఇయ్యి డాక్టరమ్మా" అంది, మాట ముద్దముద్దగా వస్తుండగా. "ఇయ్యాల మా చెల్లె అంతమ్మ వస్తున్నది. పదేండ్లాయె మాటల్లేక. నేను నిద్రవోతె మల్ల మర్లిపోతది."

ప్రేమజ్యోతి డబ్బా కిటికీ మీద పెట్టి, అంతమ్మ వచ్చేదాకా అక్కడే కూర్చుంది.